సబ్‌స్టెన్స్ అంటే పదార్థమేనా? ఒక ఇంగ్లీషు మాట, దానికి ఎదురొచ్చే తెలుగు మాటలు

అమలాపురం బస్టాండుకు దగ్గర్లో ఒక గోడ మీద నిరుడు ఒక పోస్టరు అంటించారు. "పదార్థ దుర్వినియోగాన్ని అరికడదాం" అని పెద్ద అక్షరాలు, కింద అడ్డుపెట్టిన అరచేతి బొమ్మ. బస్సు కోసం నిలబడిన ఒక పెద్దావిడ దాన్ని కూడబలుక్కుని చదివి, నా వైపు తిరిగి, "అన్నం వృథా చేయకూడదని రాశారా, బాబూ?" అని అడిగారు.

ఆవిడ చదవడంలో తప్పేమీ లేదు. తెలుగు ఇంట్లో పదార్థం అంటే విస్తట్లోకి వచ్చేది. పెళ్లి భోజనంలో ఎన్ని పదార్థాలు వడ్డించారని అడుగుతాం. పోస్టరు రాసినవారి మనసులో ఉన్నది మాత్రం గంజాయి, మత్తు మాత్రలు, పిల్లలు గుడ్డలో పోసుకుని పీల్చే జిగురు. ఇంగ్లీషులో వీటన్నిటినీ కలిపి 'సబ్‌స్టెన్స్ అబ్యూజ్' అంటారు. నిఘంటువులో సబ్‌స్టెన్స్‌కు ఎదురుగా పదార్థం అని, అబ్యూజ్‌కు ఎదురుగా దుర్వినియోగం అని ఉంటుంది. రెండూ కలిపి గోడకెక్కించారు.

అనువాదాలతో రోజంతా కుస్తీ పట్టేవాడిని కనుక ఈ మాట నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. రసాయన పాఠంలో, కోర్టు తీర్పులో, వేదాంత గ్రంథంలో, చర్చి విశ్వాస ప్రమాణంలో, రాజకీయ వ్యాఖ్యలో అదే సబ్‌స్టెన్స్ కనిపిస్తుంది. ప్రతిచోటా అర్థం వేరు. తెలుగులో దానికి మాట లేకపోవడం వల్ల చిక్కు రాలేదు. పది మాటలు ఉండగా ఒక్కదాన్నే అన్నిచోట్లా అతికించడం వల్ల వచ్చింది.

మాట పుట్టుక: కింద నిలిచి ఉన్నది

లాటిన్‌లో 'సబ్' అంటే కింద, 'స్టారే' అంటే నిలబడడం. 'సబ్‌స్టాన్షియా' అంటే కింద నిలిచి ఉన్నది. పైకి కనిపించే రంగు, రుచి, ఆకారం మారుతూ ఉన్నా అడుగున ఏదో వాటిని మోస్తూ ఉంటుందన్న ఊహ అందులో ఉంది. గ్రీకులో 'హైపోస్టాసిస్' అన్న మాట కూడా అచ్చంగా ఇలాగే కట్టుకున్నది: హైపో అంటే కింద, స్టాసిస్ అంటే నిలకడ.

లాటిన్ 'స్టారే'కూ సంస్కృతం 'స్థా' ధాతువుకూ మూలం ఒకటే. స్థానం, స్థితి, సంస్థ, అవస్థ అన్నీ ఆ ఇంటి పిల్లలే. మన వేదాంతంలో ఇదే పనిచేసే మాట 'అధిష్ఠానం'. చీకట్లో తాడును చూసి పాము అనుకుంటే, పాము అన్న భ్రమకు అధిష్ఠానం తాడు. ఇప్పుడు పత్రికల్లో అధిష్ఠానం అంటే ఢిల్లీలో కూర్చునే పార్టీ పెద్దలు. పాశ్చాత్యుడు ఆధారాన్ని కింద చూశాడు, మనవాళ్లు 'అధి' అని పైన ఉంచారు. నిలబడడం మాత్రం రెండింటిలోనూ ఉంది.

ఇంత విస్తారమైన మాటను ఏ వాక్యంలో ఎలా పట్టుకోవాలి? నేను అనుసరించే పద్ధతి ఒకటుంది. ఆ వాక్యంలో సబ్‌స్టెన్స్‌కు ఎదురుగా నిలిచిన మాట ఏదో వెతుకుతాను. ఎదురుగా మిశ్రమం ఉంటే ఒక అర్థం, పేదరికం ఉంటే మరో అర్థం, పై రూపం ఉంటే ఇంకొకటి, డొల్ల మాట ఉంటే మరొకటి. ఎదురుమాట దొరికితే తెలుగు మాట దానంతట అదే దొరుకుతుంది.

ఎదురుగా మిశ్రమం ఉన్నప్పుడు: రసాయన శాస్త్రం

బడి పుస్తకాల్లో రెండు ఇంగ్లీషు మాటలకు మనం ఒకే తెలుగు మాట వాడుతున్నాం. 'మేటర్' అన్నా పదార్థమే, 'సబ్‌స్టెన్స్' అన్నా పదార్థమే. పిల్లలు తికమకపడేది ఇక్కడే. చోటు ఆక్రమించి, ద్రవ్యరాశి కలిగినదంతా మేటర్. అందులో ఎక్కడ పట్టి చూసినా ఒకే కూర్పు ఉన్నది మాత్రమే సబ్‌స్టెన్స్. అందుకే 'శుద్ధ పదార్థం' అని విశేషణం చేర్చి గట్టెక్కుతున్నారు.

శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఒక బిందెడు ముంచండి. అది మేటర్, సందేహం లేదు. రసాయన శాస్త్రం లెక్కలో అది ఒక సబ్‌స్టెన్స్ కాదు. నీరు, ఒండ్రు, కరిగిన లవణాలు, కుళ్లిన ఆకు, గాలి కలిసిన మిశ్రమం. కుళాయిలు రాకముందు లంక ఊళ్లలో చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేవారు. కాసేపటికి బురద అడుగున పేరుకుని పైన తేట నిలిచేది. ఆ తేట కూడా శుద్ధ పదార్థం కాదు. కంటికి కనిపించని లవణాలు అందులో ఇంకా ఉంటాయి. దాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే అప్పుడు చాలావరకు నీరు అన్న ఒక్క సబ్‌స్టెన్స్ మిగులుతుంది. వంటింట్లో చక్కెర దాదాపుగా ఒకే సబ్‌స్టెన్స్, సుక్రోజు. బెల్లం మిశ్రమం. బెల్లానికి ఆ రంగూ, ఆ వాసనా ఆ మిశ్రమం వల్లే వచ్చాయి. రసాయన శాస్త్రంలో 'శుద్ధం' అంటే మేలైనది అని అర్థం కాదు, ఒంటరిది అని.

ఇంకో మెలిక ఉంది. శాస్త్రంలో 'అమౌంట్ ఆఫ్ సబ్‌స్టెన్స్' అనే కొలత ఉంది, తెలుగులో పదార్థ పరిమాణం అంటాం. ఇది బరువూ కాదు, ఘనపరిమాణమూ కాదు. ఎన్ని కణాలు ఉన్నాయన్న లెక్క. దీని ప్రమాణం మోల్. 2019 మే 20 నుంచి ఒక మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. మూడు గిన్నెలు పెట్టుకోండి. ఒకదానిలో 18 గ్రాముల నీరు, అంటే మూడు నాలుగు టీ చెంచాలు. రెండోదానిలో 58.5 గ్రాముల ఉప్పు. మూడోదానిలో 342 గ్రాముల చక్కెర. త్రాసులో మూడూ వేరు, చూపుకు మూడూ వేరు. పదార్థ పరిమాణం మాత్రం మూడింటిలోనూ ఒకటే, ఒక్కో మోల్. కొబ్బరికాయలను బరువుతో కాకుండా వందల లెక్కన అమ్మే కోనసీమ వారికి ఈ సంగతి పట్టుబడడం కష్టం కాదు. కాయ చిన్నదైనా పెద్దదైనా లెక్కలో ఒకటే.

తడి ధాన్యం, కలిపిన పొడి: ఏది తూచాలి?

శుద్ధమా, మిశ్రమమా అన్న ప్రశ్న పాఠం దాటి బయటికి వస్తే డబ్బుతో, జైలుతో ముడిపడుతుంది.

ముందు డబ్బు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదని నిబంధన. 20 శాతం తేమతో 75 కిలోల బస్తా తెచ్చిన రైతును తీసుకుందాం. అందులో నీరు 15 కిలోలు, మిగిలిన 60 కిలోలు గింజ. ఆరబెట్టి తేమను 17 శాతానికి దించితే గింజ 60 కిలోలే ఉంటుంది, మొత్తం తూకం సుమారు 72.3 కిలోలకు పడిపోతుంది. 60ని 0.83తో భాగిస్తే వచ్చే లెక్క ఇది. బస్తాకు 2.7 కిలోలు ఎగిరిపోయాయి. పోయింది నీరే కదా అని కొనేవారు అంటారు, పోయింది నా తూకం అని రైతు అంటాడు. కార్తీకంలో తుపాను పట్టినప్పుడు రోడ్ల పొడవునా బరకాల మీద ధాన్యం ఆరబోసి, మబ్బు వంక చూస్తూ కూర్చునే కుటుంబాలకు ఈ రెండు వాక్యాల మధ్య దూరం ఎంతో బాగా తెలుసు.

ఇక జైలు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఇంగ్లీషు పేరులో 'డ్రగ్స్', 'సబ్‌స్టెన్సెస్' అని రెండు మాటలూ ఉన్నాయి. మొదటిది 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం పేరులో ఉన్న మాట, రెండోది 1971 నాటి ఒప్పందం పేరులో ఉన్న మాట. మనసుపై పనిచేసే సబ్‌స్టెన్స్ అంటే ఏమిటని అడిగితే చట్టం గుణాలు వర్ణించదు, షెడ్యూలులో ఉన్నది ఏదైనా అదే అంటుంది. గంజాయి విషయంలో నిర్వచనం ఇంకా సూటిగా ఉంటుంది: మొక్క పూత, కాయలున్న కొనలు గంజాయి, ఆ కొనలు లేకుండా విడిగా దొరికిన ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం.

హెరాయిన్ దగ్గర పెద్ద చర్చ లేచింది. దానికి 5 గ్రాముల వరకు చిన్న పరిమాణం, 250 గ్రాములు మించితే వాణిజ్య పరిమాణం. ఒకరి దగ్గర కిలో పొడి దొరికింది, అందులో హెరాయిన్ పది శాతమే, మిగిలింది ఏ ప్రభావమూ లేని పొడి అనుకుందాం. అసలు మత్తును తూస్తే 100 గ్రాములు, అది మధ్యస్థ పరిమాణం, శిక్ష పదేళ్ల వరకు. పొడి మొత్తాన్ని తూస్తే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. 2008లో సుప్రీంకోర్టు మొదటి లెక్క సరైనదంది. 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, కలిపిన పొడితో సహా మొత్తం తూచాలంది.

రెండు వైపులా బలమైన వాదనలే ఉన్నాయి. వీధిలో అమ్ముడయ్యేది కలిపిన సరుకే, మనిషి ఒంట్లోకి వెళ్లేదీ అదే, కాబట్టి హాని చేసేది మిశ్రమమే అన్నది ఒక వైపు. ఒకే మోతాదు హెరాయిన్ ఉన్న ఇద్దరిలో ఎక్కువ పిండి కలిపినవాడికి ఎక్కువ శిక్ష పడడం న్యాయమా అన్నది రెండో వైపు. ప్రస్తుతం అమల్లో ఉన్నది 2020 తీర్పు.

తర్క శాస్త్రంలో పదార్థం: మాటకు అందేదంతా

ఇప్పుడు మన మాట సంగతి చూద్దాం. పదార్థం అంటే పదం + అర్థం, మాటకు అర్థం. తర్క శాస్త్రంలో దాని నిర్వచనమే అది: పేరు పెట్టి చెప్పగలిగినది ఏదైనా పదార్థమే. అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో పదార్థాలు ఏడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం (విడదీయలేని సంబంధం), అభావం. ఎరుపు రంగు పదార్థం. నడక పదార్థం. చివరికి లేకపోవడం కూడా పదార్థం. బల్ల మీద చెంబు లేదంటే, ఆ 'చెంబు లేకపోవడం' ఒక పదార్థం. చోటు ఆక్రమించి ద్రవ్యరాశి కలిగినది అని తొమ్మిదో తరగతి పిల్లవాడు చదివే పదార్థానికీ దీనికీ పొంతన లేదు.

ఆ ఏడింటిలో ఇంగ్లీషువారి సబ్‌స్టెన్స్‌కు దగ్గరగా వచ్చేది ద్రవ్యం. గుణాలూ క్రియలూ దేనిని ఆశ్రయించి ఉంటాయో అది ద్రవ్యం. అవి తొమ్మిది: భూమి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు. కాలమూ ద్రవ్యమే అన్నది గమనించండి.

ఈ జాబితా మీద జరిగిన వాదం ఒకటి నాకు ఎంతో ఇష్టం. చీకటి ద్రవ్యమా, కాదా? కుమారిల భట్టు బాటలో నడిచే భాట్ట మీమాంసకులు ద్రవ్యమే అన్నారు. నల్లగా కనిపిస్తుంది కనుక రంగు ఉంది, దీపం జరిపితే చీకటి కదులుతుంది కనుక కదలిక ఉంది, గుణమూ క్రియా ఉన్నది ద్రవ్యం కాక ఏమిటి? తార్కికులు ఒప్పుకోలేదు. చీకటి అంటే వెలుగు లేకపోవడం, కదిలేది దీపమే అన్నారు. ఇప్పటి శాస్త్రం తార్కికుల పక్షాన నిలుస్తుంది. కానీ మీమాంసకుల వాదం తేలికైనది కాదు. కనిపించే గుణాలను బట్టి అడుగున ఒక ఆధారం ఉందని అనుకోవడం మనం రోజూ చేసే పనే.

పత్రికల భాషలో ఈ ద్రవ్యం ఎన్ని చోట్లకు పాకిందో చూడండి. ద్రవ్యరాశిలో అది మేటర్. సుగంధద్రవ్యాల్లో సరుకు. మాదకద్రవ్యాల్లో మందు. ద్రవ్యలోటు, ద్రవ్యోల్బణాల్లో డబ్బు. ఒకే పేజీలో గంజాయి వార్త కింద ధరల పెరుగుదల వార్త ఉంటే, రెండింటి శీర్షికల్లోనూ ద్రవ్యమే.

ఎదురుగా పేదరికం ఉన్నప్పుడు: ఉన్నవాడు, లేనివాడు

'మ్యాన్ ఆఫ్ సబ్‌స్టెన్స్' అంటే ఆస్తిపరుడు. సారం కలిగిన మనిషి అని అనువదిస్తే పాత పుస్తకాల్లో అర్థం తలకిందులవుతుంది. తప్పిపోయిన కుమారుడి కథను 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ చెబుతూ, వాడు దూరదేశంలో తన 'సబ్‌స్టెన్స్' తగలేశాడంటుంది. తెలుగు బైబిల్‌లో అక్కడ ఉన్న మాట ఆస్తి. మూలమైన గ్రీకులో ఉన్న మాట 'ఊసియా'.

ఈ ఊసియా దగ్గర ఆగాలి. తత్వశాస్త్రంలో సబ్‌స్టెన్స్ అని లాటిన్‌లోకి దించుకున్న మాట ఇదే. అరిస్టాటిల్ పుస్తకాలకు గుండెకాయ. కానీ ఏథెన్స్ బజారులో ఊసియా అంటే ఇల్లూ పొలమూ పశువులూ. 'ఉండు' అన్న గ్రీకు క్రియ నుంచి పుట్టింది. మన ఆస్తి కూడా 'ఉంది' అని అర్థమిచ్చే సంస్కృత 'అస్తి' నుంచే వచ్చింది. సంస్కృతం జోలికి పోకుండా అచ్చతెలుగులో చెప్పినా అంతే. డబ్బున్నవాడిని 'ఉన్నవాడు' అంటాం, లేనివాడిని 'లేనివాడు' అంటాం. ఏమి ఉందో చెప్పనక్కర్లేదు. ఉండడమే కలిమి.

స్థితిమంతుడు అన్న మాటలో ఆ నిలబడే ధాతువు మళ్లీ కనిపిస్తుంది. ఇంగ్లీషువాడి సబ్‌స్టెన్స్‌కు ఈ అర్థంలో ఇంతకంటే దగ్గరి మాట ఏ భాషలోనూ దొరకదేమో. ఉనికికీ ఆస్తికీ ఒకే మాట వాడుకోవడం మూడు భాషల్లో జరిగిందంటే, పొలం లేని మనిషిని లెక్కలోకి తీసుకోని పాత లోకం దాని వెనుక ఉందని నాకు అనిపిస్తుంది. కౌలుకు చేసేవాడి పేరు ఏ కాగితం మీదా కనిపించని డెల్టాలో ఆ లోకం పూర్తిగా పాతబడలేదు.

చేవ: కర్రలోంచి పుట్టిన మాటలు

గ్రీకులో పదార్థానికి అరిస్టాటిల్ వాడిన మరో మాట 'హ్యూలే'. దాని మొదటి అర్థం అడవి, కట్టె. లాటిన్ 'మాటేరియా' అంటే ఇల్లు కట్టే కలప. ఇంగ్లీషు మేటర్, మెటీరియల్ అందులోంచి వచ్చాయి. సంస్కృతంలో ద్రవ్యం అన్న మాటను పాణిని 'ద్రు' నుంచి సాధించాడు, ద్రు అంటే చెట్టు. సారం అన్న మాటకు కూడా చెట్టు నడిమి గట్టిభాగం అని ఒక అర్థం ఉంది. కొయ్యతో పనిచేసిన మనుషులకు, ఏ వస్తువైనా దేనితో చేశారన్న ప్రశ్నకు మొదట తట్టిన జవాబు కర్ర.

తెలుగుకు ఇక్కడ సొంత మాట ఉంది, చేవ. చెట్టు మానులో ముదిరి, రంగు తిరిగి, చెదకు లొంగని భాగం చేవ. చేవ ఉన్న మనిషి, చేవ చచ్చిన మాట అన్నవి ఆ కర్రలోంచి వచ్చినవే. సబ్‌స్టెన్స్ అన్న మాటలో బలం, సారం, లోపలి గట్టిదనం మూడూ కలిసి వచ్చినప్పుడు నేను మొదట చేవనే తలుచుకుంటాను.

లంకల్లో పాత పెంకుటిల్లు విప్పుతున్నప్పుడు తాటి దూలాన్ని అడ్డంగా కోయడం ఒకసారి దగ్గర నుంచి చూశాను. టేకు దుంగ అయితే చేవ నడుమ ఉంటుంది, చుట్టూ లేత కర్ర. తాటిమానులో వరస తిరగబడింది. బెరడును ఆనుకుని బయటి వలయం నల్లగా, ఇనుప తీగల్లాంటి నారలతో బిగిసి ఉంది. రంపం అక్కడ కీచుమంది, పళ్లు వేడెక్కాయి. రెండు మూడు అంగుళాలు లోపలికి పోయేసరికి జారిపోయింది. నడుమ అంతా లేత గోధుమరంగు బెండు, గోరుతో గీకితే పొడి రాలుతోంది. వడ్రంగి ఆ బెండును చెక్కి పారేసి, బయటి పట్టీలను పక్కకు పేర్చాడు. "తాటికి చేవ పైనే ఉంటుందండి" అన్నాడు. కొబ్బరిమానుకూ అంతే.

సారం ఎప్పుడూ లోపలే ఉంటుంది, పైన ఉన్నది తొడుగు మాత్రమే అని మనం మాట్లాడే తీరుకు ఆ దూలం ఎదురు సాక్ష్యం. చెట్టును బట్టి చేవ చోటు మారుతుంది.

మారేదాని కింద మారనిది ఉందా?

తత్వవేత్తల గొడవ ఇదే. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. తరువాతి శతాబ్దంలో దాని స్థానంలో కొత్త బ్యారేజీ లేచింది. రాయి మారింది, తలుపులు మారాయి, చోటు, పని, ఆయన పేరు మిగిలాయి. ఊళ్లో ఇప్పటికీ ఆనకట్ట అనే అంటారు. అదే ఆనకట్టా, వేరొకటా? గోదావరినే తీసుకున్నా, నిన్న ధవళేశ్వరం దగ్గర ఉన్న నీరు ఈ పాటికి గౌతమిలోకో వశిష్ఠలోకో పోయింది. మరి గోదావరి అన్నది ఏది?

అరిస్టాటిల్ ఈ మనిషి, ఈ గుర్రం వంటి విడి విడి వస్తువులనే మొదటి సబ్‌స్టెన్స్‌లు అన్నాడు. పాలిపోయినా, ఎండకు నల్లబడినా మనిషి ఆ మనిషే, రంగు వచ్చిపోయేది. డెకార్టు మనసు, దేహం అని రెండు రకాలు అన్నాడు. స్పినోజా ఉన్నది ఒక్కటే, దానినే దేవుడనో ప్రకృతి అనో పిలవవచ్చన్నాడు. బ్రహ్మమొక్కటే అన్న మన అద్వైతం ఇక్కడ గుర్తుకు రావడం సహజమే. అయితే స్పినోజాకు ఈ లోకం ఆ ఒక్కదాని నిజమైన రూపాలు, అద్వైతికి తాడులో కనిపించిన పాము. దగ్గరగా కనిపించే ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు.

ఇంగ్లండులో జాన్ లాక్ అనుమానపడ్డాడు. గుణాలన్నీ తీసేస్తే అడుగున మిగిలేది ఏమిటి? దీనికి అతను ఎంచుకున్న ఉపమానం మన దేశానిదే. భూమిని ఏనుగు మోస్తోందని, ఏనుగును తాబేలు మోస్తోందని ఒక భారతీయుడు చెప్పాడట. తాబేలును మోసేది ఏమిటంటే, ఏదో తెలియదు అన్నాడట. సబ్‌స్టెన్స్ అన్న మాట కూడా ఆ 'ఏదో తెలియనిది' లాంటిదే అని లాక్ అభిప్రాయం. హ్యూము ఆ తెలియనిదాన్ని కూడా వదిలేశాడు. మన దగ్గర బౌద్ధులు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే ఆ పని చేశారు. దేనికీ తనదంటూ విడి స్వభావం లేదని, అన్నీ ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నాయని నాగార్జునుడు వాదించాడు. ఆ పక్షాన చూస్తే గోదావరి అంటే ఆ ప్రవాహమే, ప్రవాహం కింద వేరే గోదావరి లేదు.

క్రైస్తవ మతంలో ఈ మాట మీద సభలే జరిగాయి. క్రీ.శ. 325లో నైసియా సభ కుమారుడైన క్రీస్తు తండ్రియైన దేవుడితో ఒకే ఊసియా కలవాడని ప్రకటించింది. తరువాత గ్రీకులు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న ముగ్గురిలో ఒకే దేవుడు ఉన్నాడనడానికి ఒక ఊసియా, మూడు హైపోస్టాసిస్‌లు అని చెప్పుకున్నారు. లాటిన్‌లో హైపోస్టాసిస్‌ను మాటకు మాట దించితే సబ్‌స్టాన్షియా అవుతుంది. దాంతో గ్రీకులు మూడు సబ్‌స్టెన్స్‌లు అంటున్నారేమోనని లాటిన్ పక్షం ఉలిక్కిపడింది. బస్టాండు గోడ మీద జరిగిన పొరపాటుకు ఇది అన్నయ్య. 1215లో లాటరన్ సభ, ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షరసాల సబ్‌స్టెన్స్ మారుతుందన్న మాటను స్వీకరించింది. రుచి, రంగు, ఆకారం అలాగే ఉంటాయి, అడుగున ఉన్నది మారుతుందని కేథలిక్కుల విశ్వాసం. లూథరన్లు క్రీస్తు నిజంగా అక్కడ ఉంటాడని నమ్ముతూనే రొట్టె రొట్టెగానే ఉంటుందంటారు. రెండు సంప్రదాయాల చర్చిలూ గోదావరి జిల్లాల్లో ఉన్నాయి. ఇక్కడ సబ్‌స్టెన్స్‌కు పదార్థం అని రాస్తే రసాయన మార్పు అనిపిస్తుంది. తత్త్వం, స్వభావం అన్న మాటలు దగ్గరవుతాయి.

కాగితం ఒకటి, అసలు వ్యవహారం ఒకటి

న్యాయశాస్త్రంలో సబ్‌స్టెన్స్‌కు ఎదురుగా ఉండేది రూపం, కాగితం మీది పేరు. ఒక రైతు పెళ్లి ఖర్చుకు ఐదు లక్షలు తీసుకుని ఎకరం కొబ్బరితోట విక్రయ దస్తావేజు రాశాడు. ఐదేళ్లలో డబ్బు తిరిగి ఇస్తే తోట వెనక్కి రాసివ్వాలని అందులోనే షరతు పెట్టారు. తోట బజారు ధర ఇరవై లక్షలు, కాయ దింపుకుంటున్నది రైతే. ఇది అమ్మకమా, అప్పా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ షరతుతో కూడిన అమ్మకం రూపంలో ఉన్న తనఖాను గుర్తిస్తుంది. 1929 సవరణ ప్రకారం ఆ షరతు అదే దస్తావేజులో ఉండాలి. ధర, స్వాధీనం, షరతు చూసి కోర్టు అసలు వ్యవహారం ఏమిటో తేలుస్తుంది.

'అసలు' అన్న మాటే ఇక్కడ సరైన తెలుగు. అరబ్బీలో మూలం, వేరు అని అర్థం. మనకు వడ్డీకి ఎదురుగా నిలిచే అసలు కూడా అదే.

రెండో అప్పీలుకు కావలసిన 'సబ్‌స్టాన్షియల్' న్యాయప్రశ్నలో అర్థం మళ్లీ వేరు. అక్కడ అది తీర్పును తిప్పగలిగేంత బరువున్న ప్రశ్న.

తాలు, ఊక, పస

వాదనలో సబ్‌స్టెన్స్ లేదని అన్నప్పుడు ఎదురుగా ఉన్నది డొల్లతనం. ఇక్కడ మాటల కోసం వెతుక్కోవలసిన పని వరి పండించేవారికి లేదు. కళ్లంలో చేట ఎత్తి పట్టి గాలికి వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గర కుప్పపడుతుంది, తాలు కొట్టుకుపోతుంది. తూర్పారబట్టడం అన్న ఆ పని పేరే ఇప్పుడు ఘాటైన విమర్శకు పేరు. గింజ తీసేశాక మిగిలిన పొట్టును రోట్లో వేసి ఎంత దంచినా బియ్యం రావు, అది ఊకదంపుడు ఉపన్యాసం. వాదనలో పస లేదంటాం, మనిషిలో సరుకు లేదంటాం. 'పదార్థం లేని ప్రసంగం' అని మాత్రం ఎవరూ అనరు.

ఇక గోడ మీది మాట. ఇంగ్లీషులో అక్కడ సబ్‌స్టెన్స్ అని వాడడానికి కారణం ఉంది. సారాయి, పొగాకు, గంజాయి, మందుల దుకాణంలో దొరికే మాత్ర, జిగురు అన్నీ ఒకే గొడుగు కిందికి రావాలి. డ్రగ్ అంటే కొన్ని తప్పించుకుంటాయి. అబ్యూజ్ అన్న మాటను అమెరికా మానసిక వైద్యుల సూచీ 2013లో రోగనిర్ధారణల నుంచి తీసివేసి, వాడకం వల్ల కలిగే రుగ్మత అన్న అర్థంలో మరో పేరు పెట్టింది. వ్యసనపరుడిని నేరస్థుడిగా చూపే వాసన అందులో ఉందన్న అభ్యంతరం అంతకు ముందే ఉంది. మనం ఇంగ్లీషువారు వదిలేస్తున్న మాటను అనువదించి గోడకెక్కించాం.

ఆ పెద్దావిడకు నేను చెప్పింది ఇదంతా కాదు. "గంజాయి, మత్తు మాత్రలు, జిగురు పీల్చడం, ఇలాంటి మత్తు అలవాట్లు మానాలని రాశారండి" అన్నాను. ఆవిడ మళ్లీ పోస్టరు వైపు చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. రావులపాలెం బస్సు వచ్చాక, మెట్టు మీద కాలు పెడుతూ, "మా వీధిలో కూడా ఉంది బాబూ ఇది. ఆ మాటే రాయవలసింది" అన్నారు.